నా ఫోన్ ఒక టైమ్ చెబుతోంది, మా బావమరిది టైమర్ ఇంకోటి

ఉత్తరం చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ పెడుతున్నాను. రాసినాయన రోజూ వాడే హ్యాచ్‌బ్యాక్ కారుతోనే ట్రాక్ డేలకు (సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడపనిచ్చే రోజులు) వెళ్తారు. భార్య తమ్ముడు కూడా అదే మోడల్ కారుతో తోడు వస్తాడు. ఈయన ఫోన్‌లో ల్యాప్ టైమర్ యాప్ (ట్రాక్ ఒక చుట్టు, అంటే ఒక ల్యాప్, ఎంతసేపట్లో తిరిగారో చూపేది) వేసుకుని, ముందు అద్దానికి సక్షన్ మౌంట్‌తో బిగించుకుంటారు. బావమరిది దగ్గర ప్రత్యేకంగా కొన్న జీపీఎస్ ల్యాప్ టైమర్ ఉంది. మొన్నటి ట్రాక్ డేలో పొద్దున సెషన్‌లో ఫోన్ 1 నిమిషం 52.4 సెకన్లు చూపించిందట. ఈయనకు అది ఇప్పటివరకు బెస్ట్, పైగా బావమరిది టైమ్ కంటే తక్కువ. ఆ సంతోషంలో నలుగురి ముందూ చెప్పేశారు. "యాప్ లెక్కలు లెక్కలేనా బావా" అని అతను నవ్వి, మధ్యాహ్నం సెషన్‌కి తన టైమర్ తీసి ఈయన కార్లో పెట్టాడు. అందులో వచ్చిన బెస్ట్ 1 నిమిషం 53.3 సెకన్లు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. భార్య "మీ ఇద్దరి గొడవలోకి నన్ను లాగకండి" అని పక్కకు తప్పుకున్నారు. కొత్త టైర్లకీ బ్రేక్ ప్యాడ్లకీ దాచిన డబ్బు తీసి ఒక మంచి టైమర్ కొనేద్దామా అని ఆయన ప్రశ్న. "నా ఫోన్ ఇంతకాలం నన్ను మోసం చేసిందా?" అని చివర్లో అడిగారు. ఉత్తరంతో పాటు పొద్దున సెషన్ ల్యాపుల లిస్టు కూడా పంపారు, అది పంపడం చాలా మంచిదైంది.

మీ లిస్టులో మధ్యలో ఉన్న నాలుగు ల్యాపులు చూడండి, నిమిషం వదిలేసి సెకన్లే రాస్తున్నాను: 53.4, 54.2, 52.4, 53.5. మీ బెస్ట్‌కి సరిగ్గా ముందున్న ల్యాప్ మిగతావాటికంటే దాదాపు ఎనిమిది పదులు (పదులు అంటే సెకనులో పదో వంతులు) ఎక్కువ, బెస్ట్ ల్యాప్ దాదాపు సెకను తక్కువ. ఆ రెండూ కలిపి సగం చేస్తే 53.3 వస్తుంది. ఒక ల్యాప్ ముగిసేదీ తర్వాతి ల్యాప్ మొదలయ్యేదీ ఒకే క్షణంలో కదా. మీరు స్టార్ట్ గీత దాటిన ఆ ఒక్క క్షణాన్ని ఫోన్ తొమ్మిది పదులు ఆలస్యంగా రాసుకుంటే, ముందు ల్యాప్‌కి అంత కలుస్తుంది, తర్వాత ల్యాప్ నుంచి అంతే పోతుంది. నాకైతే అదే జరిగినట్టు అనిపిస్తోంది. 54.2 వచ్చిన ల్యాప్‌లో ఎవరికైనా దారి ఇచ్చారా, ముందు కారుకి దూరం కోసం కాస్త తగ్గారా గుర్తు తెచ్చుకోండి. అలా తగ్గి ఉంటే ఆ ల్యాప్ నెమ్మదించడానికి వేరే కారణం ఉంది, మీ 52.4 నిజమే కావచ్చు. అలాంటిదేమీ లేకపోతే మాత్రం ఆ రెండు ల్యాపులూ మీరు 53.3 దగ్గరే నడిపారు.

ఇది వినడానికి మీకు బాధగా ఉంటుందని తెలుసు. కానీ ఇదే లిస్టు ఇంకో మాట కూడా చెబుతోంది. ఆ ఒక్క తేడా పక్కన పెడితే మీరు ల్యాప్ తర్వాత ల్యాప్ 53.3, 53.4, 53.5 నడిపారు. రెండు నిమిషాలకు దగ్గరగా ఉన్న ల్యాప్‌లో పదో రెండు పదులో తేడాతో వరసగా నడపడం, అదీ రోజూ వాడే కారుతో, చిన్న విషయం కాదు. మీరు ఎవరికీ చెప్పుకోనిది అది. చెప్పుకున్నది మాత్రం ఆ 52.4.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. ఫోన్ మోసం చేయలేదు. ఎక్కువ ఫోన్లలోని జీపీఎస్ యాప్‌కి సెకనుకు ఒకసారి మాత్రమే కారు ఎక్కడుందో చెబుతుంది. మీరు గంటకు 120 కిలోమీటర్ల వేగంతో ఉంటే ఆ సెకనులో 33 మీటర్లు వెళ్లిపోతారు. గీత ఆ రెండు పాయింట్ల మధ్య ఎక్కడో ఉంటుంది, ఎప్పుడు దాటారో యాప్ వేగాన్ని బట్టి లెక్క కట్టుకుంటుంది. ఈ లెక్క మనం అనుకునేంత చెడ్డదేమీ కాదు. స్ట్రెయిట్ (మలుపుల్లేని భాగం) మీద వేగం సాఫీగా మారుతుంది కాబట్టి మధ్య క్షణాన్ని బాగానే పట్టుకుంటుంది. అసలు చిక్కు ఆ పాయింట్లే కాస్త పక్కకు పడటంలో ఉంది. ఆకాశం బాగా కనిపించే చోట కూడా ఫోన్ మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ చెప్పడం మామూలే. పైగా మ్యాప్‌లో చుక్క గెంతకుండా ఉండాలని ఫోన్ ఆ స్థానాలను నునుపు చేస్తుంది, అందువల్ల కొన్నిసార్లు కారు ముందుకెళ్లిపోయాక స్థానం వెనక నుంచి వస్తుంది. ఈ తప్పు ప్రతి ల్యాప్‌లోనూ ఒకేలా ఉంటే ల్యాప్ టైమ్‌లో కొట్టుకుపోతుంది, ఎందుకంటే మొదలూ చివరా రెండూ అంతే జరుగుతాయి. ఒక్కసారి మాత్రం ఎక్కువగా తప్పితే మీకు జరిగినట్టు జరుగుతుంది.

తొమ్మిది పదులు మాత్రం మామూలు తేడా కాదు, ఏదో కారణం ఉండాలి. మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసి వదిలేసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను: "ఆ సెషన్‌లో స్క్రీన్ బాగా డిమ్ అయిపోయింది." ఎండ నేరుగా పడే అద్దం మీద, స్క్రీన్ ఫుల్ బ్రైట్‌నెస్‌లో, వెనక వీడియో రికార్డ్ చేస్తూ, ఛార్జింగ్ కూడా పెట్టారు. ఐఫోన్లను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని యాపిల్ కంపెనీయే చెబుతుంది, మూసిన కారులో అద్దం దగ్గర వేడి దాన్ని ఎప్పుడో దాటేస్తుంది. వేడెక్కిన ఫోన్ ముందు వెలుగు తగ్గిస్తుంది, తర్వాత పనులు నెమ్మది చేస్తుంది, చివరికి ఆగిపోతుంది. గీత దాటిన క్షణం తప్పడానికి ఇదే కారణమని ఇక్కడ కూర్చుని తేల్చలేను. కానీ యాప్ తప్పు వెతికే ముందు నేనైతే ఇక్కడ మొదలుపెడతాను.

మీ బావమరిది చేసిన పరీక్ష కూడా సరైంది కాదు, ఈ మాట అతనికి గట్టిగానే చెప్పొచ్చు. పొద్దున ఫోన్, మధ్యాహ్నం టైమర్ పెట్టి రెండు అంకెలు పోల్చారు. మధ్యలో ఎండ పెరిగింది, టైర్లు ఒక సెషన్ అరిగాయి, ట్యాంకులో పెట్రోల్ మారింది, ట్రాఫిక్ మారింది. ఇవన్నీ కలిస్తే సెకను తేడా తేగలవు. పైగా రెండింటిలోనూ స్టార్ట్ గీత ఒకే చోట ఉందా? మీ యాప్ ముందే ఇచ్చిన గీత వాడుతోంది, అతని టైమర్‌లో అతను స్వయంగా పెట్టుకున్నది ఉంది అని మీరే రాశారు. గీత వేరైతే అది వేరే ల్యాప్. మీ చివరి కార్నర్ బాగా పడి మొదటి కార్నర్ చెడితే, ఒక గీత ప్రకారం అవి రెండు వేర్వేరు ల్యాపుల్లో పడతాయి, ఇంకో గీత ప్రకారం ఒకే ల్యాప్‌లో పడతాయి. సెషన్ మొత్తం టైమ్ మారదు, బెస్ట్ మారుతుంది.

సరైన పరీక్ష కావాలంటే రెండూ ఒకే కార్లో, ఒకే సెషన్‌లో, ఒకే చోట గీత పెట్టి, ప్రతి ల్యాప్ పక్కపక్కన రాసుకోవాలి. ఒక్క బెస్ట్ చూడకూడదు. అప్పుడు చాలావరకు పదో రెండు పదులో తేడాతో రెండూ కలిసి నడుస్తాయి, ఎక్కడో ఒకచోట ఫోన్ జారుతుంది. అలా జారినప్పుడు పక్క ల్యాప్‌లో తిరిగి కనిపిస్తుంది కాబట్టి పట్టుకోవడం మీకు ఇప్పుడు వచ్చేసింది.

ఇంతకీ టైమర్ కొనాలా వద్దా. ముందు ఆ టైమర్‌తో మీరు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో తేల్చుకోండి. "పోయినసారి కంటే బాగుపడ్డానా" అన్నది ప్రశ్న అయితే మీ ఫోన్ చాలు, నిజంగా చాలు. ఒక సెషన్‌లో మంచి ల్యాపులు అయిదారు తీసుకుని, తక్కువ టైమ్ నుంచి ఎక్కువకు పేర్చి, మధ్యలో ఉన్నదాన్ని పోయిన సెషన్ మధ్య ల్యాప్‌తో పోల్చండి, ఫోన్ పొరపాటు అందులో దాదాపు కరిగిపోతుంది. గీతని మెయిన్ స్ట్రెయిట్‌లో బాగా వేగంగా ఉండే చోటికి జరపండి. 150 వేగంలో మూడు మీటర్ల తప్పు అంటే ఏడు వందోవంతుల సెకను. అదే నెమ్మదైన కార్నర్ దగ్గర 60 వేగంలో గీత ఉంటే అదే తప్పు దాదాపు రెండు పదులవుతుంది. వీడియో వేరే కెమెరాకి అప్పగించండి, ఫోన్‌ని నేరుగా ఎండ పడని చోటికి మార్చండి, పిట్‌లోనే (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటు) పూర్తి ఛార్జ్ చేసుకుని ట్రాక్ మీద ఛార్జర్ తీసేయండి, ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి లొకేషన్ మాత్రం ఆన్‌లో ఉంచండి. సెక్టార్లు (ల్యాప్‌ని విడగొట్టి టైమ్ చూసే ముక్కలు) మూడుకి మించి పెట్టుకోకండి. పన్నెండు సెకన్ల సెక్టార్‌లో రెండు పదుల పొరపాటు పెద్ద అబద్ధం చెబుతుంది, మీరు దాన్ని నమ్మి బాగున్న కార్నర్‌ని మార్చుకుంటారు.

"ఎక్కడ టైమ్ పోతోంది" అన్నది ప్రశ్న అయితే ఫోన్ దగ్గర జవాబు లేదు. మూడు సెకన్లు పట్టే కార్నర్‌లో దానికి దొరికేది మూడు పాయింట్లు, మీ అతి తక్కువ వేగం ఆ పాయింట్ల మధ్య ఎక్కడో దాక్కుంటుంది. పది మీటర్లు ఆలస్యంగా బ్రేక్ వేశారా లేదా అన్నది 33 మీటర్ల గ్యాప్‌లో కనపడదు. ఇక్కడే సెకనుకు 10 సార్లు, 25 సార్లు చదివే జీపీఎస్‌లు పనికొస్తాయి. 25 సార్లు చదివే దానికి 120 వేగంలో కూడా పాయింట్ల మధ్య మీటరున్నర కూడా ఉండదు. వేగం గ్రాఫ్ గీస్తే ఎక్కడ యాక్సిలరేటర్ వదిలారు, ఎక్కడ మళ్లీ తొక్కడానికి భయపడ్డారు, అన్నీ అందులో కనపడతాయి. ట్రాక్ డేలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని సాయంత్రం కూర్చుని ఆ గ్రాఫ్ చూడటం, ల్యాప్ టైమ్ కంటే ఎంతో ఎక్కువ నేర్పుతుంది.

ఈ గ్రాఫ్ కోసం మొత్తం టైమర్ కొననక్కర్లేదు. విడిగా జీపీఎస్ రిసీవర్ దొరుకుతుంది, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, దాన్ని డాష్‌బోర్డ్ మీద అతికిస్తే బ్లూటూత్‌లో మీ యాప్‌కి పాయింట్లు పంపుతుంది. రేస్‌బాక్స్ మినీ ఇలాంటిదే, సెకనుకు 25 సార్లు చదువుతుంది. మీరు వాడుతున్న రేస్‌క్రోనో యాప్ అలాంటి రిసీవర్లను తీసుకుంటుంది, హ్యారీస్ ల్యాప్‌టైమర్ అనే యాప్ కూడా తీసుకుంటుంది. ఫోన్ అప్పుడు తెర మాత్రమే, గ్లవ్ బాక్స్‌లో పడేసినా పనిచేస్తుంది, వేడి సమస్య సగం తీరుతుంది. కొనేముందు మీ ఫోన్‌తో కలుస్తుందో లేదో తప్పకుండా చూసుకోండి, పాత రకం బ్లూటూత్ రిసీవర్లు కొన్ని ఆండ్రాయిడ్‌తోనే పనిచేస్తాయి. నన్ను అడిగితే మీ పరిస్థితికి ఇదే సరిపోతుంది. అది కూడా టైర్లూ బ్రేకుల తర్వాతే, ఆ సంగతికి వస్తాను.

పూర్తి టైమర్ వల్ల లాభం లేదనుకోకండి. ఎయిమ్ సోలో 2, గార్మిన్ కెటలిస్ట్ లాంటివి ఎండలో చదవడానికి, అదురు తట్టుకోవడానికి చేసినవి. సెషన్ మధ్యలో ఫోన్ కాల్ రాదు, ట్రాక్‌ని అదే గుర్తుపట్టి టైమ్ మొదలుపెడుతుంది, మీరు మరిచిపోయినా అది రాసుకుంటుంది. కెటలిస్ట్ అయితే చెవిలో చెబుతుంది కూడా, తెర వైపు చూడక్కర్లేదు. కార్ ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) కలిపే మోడల్స్ తీసుకుంటే థ్రాటిల్, ఆర్‌పీఎం కూడా వస్తాయి, కొన్ని కార్లలో బ్రేక్ ప్రెషర్ కూడా. నాలుగైదేళ్లు గట్టిగా ట్రాక్ మీద ఉంటాననుకునే మనిషికి అది మంచి పెట్టుబడి. కానీ దానికి సొంత సాఫ్ట్‌వేర్ ఉంటుంది, అది నేర్చుకోవడానికి ఓపిక కావాలి. చాలామంది కొన్నాక ఆ గ్రాఫులు తెరవనే తెరవరు, తెరమీద అంకె మాత్రం చూస్తారు. అలాగైతే మీరు ఖరీదైన ఫోన్ కొన్నట్టే.

ఇక మూడో ప్రశ్న, మీరు రాయలేదు కానీ ఉత్తరం నిండా అదే ఉంది. "మా ఇద్దరిలో ఎవరు ఫాస్ట్." దీనికి ఏ టైమర్ కొన్నా జవాబు రాదు. మీ టైమర్ అతని టైమర్‌తో ఏకీభవించినా, అప్పుడు టైర్ల మీదకు వెళ్తుంది వాదన, తర్వాత ట్రాఫిక్ మీదకు, ఆ తర్వాత కార్ బరువు మీదకు. నిజంగా తేల్చుకోవాలంటే దానికి పోటీలు ఉన్నాయి. అక్కడ ట్రాక్ లోపల వేసిన లూప్ (వైరు చుట్ట), ప్రతి కారుకీ ట్రాన్స్‌పాండర్ (లూప్ దాటగానే ఆ కారుని గుర్తుపట్టించే చిన్న పరికరం) ఉంటాయి, సెకనులో వెయ్యో వంతు వరకు రాసుకుంటుంది, అందరికీ ఒకటే గడియారం. లైసెన్స్, భద్రతా సామాను, నియమాలు అన్నీ దాని కోసమే పెట్టిన చోటు అది. ట్రాక్ డే అందుకు కాదు. చాలా చోట్ల నిర్వాహకులు టైమ్ కొలవడమే వద్దంటారు, జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫె ట్రాక్‌లో జనానికి తెరిచే సెషన్లలో టైమింగ్ నిషేధం. ట్రాక్ డే ఇన్సూరెన్సులు కూడా చాలావరకు టైమ్ పెట్టి పోటీ పడితే క్లెయిమ్ ఇవ్వవు. మీరు వెళ్లే చోట నిబంధన ఏంటో ఉత్తరంలో రాయలేదు. ముందు ఆ కాగితం చదవండి, తర్వాతే యాప్ తెరవండి.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టిన వాక్యం ఇంకోటి ఉంది. ఒక ల్యాప్‌లో మౌంట్ ఊడి ఫోన్ కాళ్ల దగ్గర పడిందనీ, పిట్ దాకా దాన్ని కాలితో పక్కకు నెట్టుకుంటూ వచ్చాననీ రాశారు. ఆ ఫోన్ బ్రేక్ పెడల్ కింద ఇరుక్కుని ఉంటే ఈ ఉత్తరం రాసేవారు కాదు. వేడికి సక్షన్ కప్పు వదులవుతుంది, అది ఎప్పుడైనా ఊడుతుంది. గట్టిగా బిగించే మౌంట్ వాడండి, దానికి తోడు ఒక తాడు కట్టండి, ఊడినా పెడల్స్ దాకా చేరకూడదు. ఈ లోపు ఏ వస్తువైనా ఊడిపడితే వెంటనే వేగం తగ్గించి, పక్కకు తప్పుకుని, సిగ్నల్ ఇచ్చి పిట్‌కి వచ్చేయండి. బైక్ మీద వెళ్లేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఫోన్‌ని నేరుగా హ్యాండిల్‌కి బిగించకండి. పెద్ద ఇంజిన్ అదురు ఐఫోన్ కెమెరాలను పాడుచేయగలదని యాపిల్ 2021లోనే హెచ్చరించింది.

తెర చూడటం గురించి కూడా. సెకనుకు ఒకసారి మారే డెల్టా అంకె (బెస్ట్ ల్యాప్ కంటే ఎంత ముందో వెనకో చూపేది) గెంతుతూ ఉంటుంది, అది చూసి మీరు తర్వాత కార్నర్‌కి ఆలస్యంగా బ్రేక్ వేస్తారు. 120 వేగంలో సెకను తల తిప్పితే 33 మీటర్లు చూడకుండా వెళ్లినట్టు. వచ్చే ఒకటి రెండు ట్రాక్ డేలు తెర ఆపేసి వెనక రికార్డ్ మాత్రం అవ్వనివ్వండి, అంకెలు పిట్‌లో చూడండి. మీరు నెమ్మదిస్తారని భయం ఉంటుంది కానీ సాధారణంగా చేతులు తేలికపడతాయి, మలుపుల్లో మీరు పట్టే లైన్ బాగుపడుతుంది. కానీ ఇది మీకు పడకపోవచ్చు, కొందరికి అంకె కనపడకపోతే ఆసక్తే పోతుంది. అలాంటప్పుడు ల్యాప్ చివర ఒక్కసారి మాట రూపంలో చెప్పే యాప్ సెట్టింగ్ వాడండి, స్ట్రెయిట్ మీదే వినిపిస్తుంది.

డబ్బు సంగతి. టైర్లకీ బ్రేకులకీ దాచింది కదలించకండి, దీంట్లో నాకు రెండో మాట లేదు. టైర్ అరిగి ఉంటే, బ్రేక్ ఫ్లూయిడ్ మరిగి పెడల్ మెత్తబడుతుంటే మీరు కొలిచేది మీ డ్రైవింగ్‌ని కాదు, ఆ టైర్‌ని. అవి అయ్యాక మిగిలితే రిసీవర్. ఇంకా మిగిలితే టైమర్ కంటే ముందు మంచి కోచ్‌తో ఒక సెషన్ పెట్టుకోండి, ఆయన పక్క సీట్లో కూర్చుని చెప్పేది ఏ గ్రాఫూ చెప్పదు. ఒకవేళ అన్నీ పక్కన పెట్టి టైమరే కొంటే, అది ఏ ట్రాక్ డేకి వెళ్లినా అతనితో గొడవ గుర్తు చేస్తుంది, టైర్లు మాత్రం అలాగే ఉంటాయి. ఆ లెక్క కూడా వేసుకోండి.

బావమరిదితో ఎలా మాట్లాడాలి అని అడగలేదు, అయినా చెబుతాను. అతను టైమర్ మీ కార్లో పెట్టిన తీరు అవమానంగా అనిపించింది, నిజమే. కానీ తన వస్తువు తీసి మీ కార్లో పెట్టాడన్నది కూడా నిజం, లోపల అతనికి మీ టైమ్ మీద ఆసక్తి ఉంది. మీ ఆవిడని మధ్యలోంచి తప్పించి నేరుగా అతనికే ఫోన్ చేయండి. ఆ నాలుగు ల్యాపుల లిస్టు పంపించండి. "నువ్వన్నట్టే 53.3 అయి ఉండొచ్చు రా, ఎందుకో చూడు" అని మొదలుపెట్టి, వచ్చేసారి రెండూ ఒకే కార్లో పెట్టి చూద్దామని అడగండి. నిర్వాహకులు పక్కన మనిషిని కూర్చోనిస్తే ఒక సెషన్ మీరు అతని కార్లో కూర్చోండి, ఒక సెషన్ అతను మీ కార్లో. అతను 53 దగ్గర ఎక్కడ బ్రేక్ వేస్తున్నాడో, మీరు ఎక్కడ వేస్తున్నారో ఇద్దరికీ కంటికి కనపడుతుంది.

అతను కాదంటే బలవంతం చేయకండి, ఆ ట్రాక్ డేకి మీరొక్కరే వెళ్లండి, కొత్త టైర్లతో, తెర ఆపేసిన ఫోన్‌తో. ఆ లిస్టు నాకు మళ్లీ పంపండి, మధ్య ల్యాప్ ఎంతో ముందు నేను అదే చూస్తాను.